క్లిఫ్ రిచర్డ్ 'ఐయామ్ నియర్లీ ఫేమస్' (1976): ఈ ఆల్బమ్‌లో అసలు మారింది ఏంటి?

పాతరికార్డు:

అందరికీ నమస్కారం. బ్రిటిష్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్ ఆల్బమ్స్ విడుదలైన వరసలోనే ఒక్కొక్కటీ వింటూ వస్తున్నాను. 1974 నాటి 'ది థర్టీఫస్ట్ ఆఫ్ ఫిబ్రవరి స్ట్రీట్' అయిపోయాక 1976లో వచ్చిన 'ఐయామ్ నియర్లీ ఫేమస్' పెట్టాను. గాయకుడే మారిపోయాడా అనిపించింది. గొంతు అదే, అందులో అనుమానం లేదు, కానీ పాడే పద్ధతి వేరు, వెనక వాద్యాలు నడిచే తీరు వేరు, ఆ పాటల్లో మాట్లాడే మనిషి కూడా వేరు. రెండు ఆల్బమ్స్‌కీ మధ్య గడిచింది ఏడాదిన్నరే.

ఆయన కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. అసలు పేరు హ్యారీ రోజర్ వెబ్, పుట్టింది 1940లో మన లక్నోలోనే, 1948లో కుటుంబం ఇంగ్లండ్ వెళ్లిపోయింది. 1958లో 'మూవ్ ఇట్'తో మొదలుపెట్టాడు, అది నిఖార్సయిన రాక్ అండ్ రోల్. ఆ మరుసటేడే 'లివింగ్ డాల్' నంబర్ వన్ అయ్యింది, దాంతో మెల్లగా మెత్తని పాటల వైపు వెళ్లిపోయాడు. 1968లో యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌లో 'కంగ్రాచ్యులేషన్స్' ఒక్క పాయింటు తేడాతో స్పెయిన్ చేతిలో ఓడింది, 1973లో మళ్లీ వెళ్లి మూడో స్థానం తెచ్చుకున్నాడు. అప్పటికి ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే టీవీ గాయకుడు అన్న ముద్ర గట్టిగా పడిపోయింది. 1974 ఆల్బమ్ అయితే బ్రిటిష్ చార్టులోకే రాలేదు.

అలాంటి మనిషి 35 ఏళ్ల వయసులో 'డెవిల్ ఉమన్' పాడితే బ్రిటన్‌లో 9వ స్థానం, అమెరికాలో 6వ స్థానం. ఆల్బమ్ బ్రిటన్‌లో 5 దాకా వెళ్లింది. ఇదంతా ప్రొడ్యూసర్ బ్రూస్ వెల్చ్ పనా, పాటలు రాసినవాళ్ల గొప్పతనమా, లేక క్లిఫ్ తనంతట తనే మారాడా? ఎక్కడ చూసినా దీన్ని పునరాగమనం అనే రాస్తారు. నాకు మాత్రం సగం దారిలో ఉన్న ఆల్బమ్‌లా వినిపిస్తోంది. కొన్ని పాటలు కొత్త ఇంట్లోకి వచ్చేశాయి, కొన్ని ఇంకా పాత ఇంటి గడప దగ్గరే నిలబడి ఉన్నాయి. మీరేమంటారు?


బేస్‌లైన్:

మంచి ప్రశ్న వేశారు. నా ఓటు నేరుగా బ్రూస్ వెల్చ్‌కే, కాకపోతే స్టూడియోలో చేసిన పని కంటే స్టూడియోలోకి అడుగు పెట్టకముందు చేసిన పనికి.

వెల్చ్ ఎవరంటే క్లిఫ్ వెనక వాయించిన షాడోస్ బ్యాండ్‌లో రిథమ్ గిటార్ వాయించినాయన, అంటే క్లిఫ్‌ని కుర్రాడిగా ఉన్నప్పటి నుంచీ పక్కనే నిలబడి చూసినవాడు. మిగతావాళ్లకి క్లిఫ్ ఒక పెద్ద పేరు, ఈయనకి మాత్రం 'మూవ్ ఇట్' రోజుల నాటి స్నేహితుడు. అందుకే మొహమాటం లేకుండా 'ఈ పాట నీకొద్దు, ఇది పాడు' అని చెప్పగలిగే చనువు ఉంది. డెబ్భైల మొదట్లో జాన్ ఫరార్‌తో కలిసి ఒలీవియా న్యూటన్ జాన్ తొలి హిట్స్ ప్రొడ్యూస్ చేశాడు కాబట్టి గాయకుడికి తగిన పాట వెతికిపెట్టడం ఆయనకి బాగా వచ్చు.

అంతకుముందు క్లిఫ్ దగ్గరికి వచ్చే పాటలన్నీ 'క్లిఫ్ రిచర్డ్ పాట' అంటే ఇలా ఉండాలి అని కొలతలు తీసి కుట్టించినట్టు ఉండేవి, హాయిగా, నవ్వుతూ, ఎవరినీ నొప్పించకుండా. వెల్చ్ ఆ కొలతలు పక్కన పడేశాడు. 'మిస్ యూ నైట్స్' డేవ్ టౌన్సెండ్ అనే రచయిత పాట, అది క్లిఫ్ కోసం రాసిందే కాదు. 'ఐ కాంట్ ఆస్క్ ఫర్ ఎనీ మోర్ దాన్ యూ' కెన్ గోల్డ్, మైకేల్ డెన్ రాసిన సోల్ పాట. 'ఇఫ్ యూ వాక్డ్ అవే' డేవిడ్ పొమెరాంజ్‌ది. 'డెవిల్ ఉమన్' టెర్రీ బ్రిటన్, క్రిస్టీన్ హోమ్స్ కలిసి రాశారు. ఈ పాటలన్నీ వేరే వేరే చోట్ల నుంచి వచ్చాయి, ఒక్కటి కూడా క్లిఫ్ పాత బొమ్మని దృష్టిలో పెట్టుకుని పుట్టలేదు. అందుకే వాటిలోకి వెళ్లడానికి ఆయనే కాస్త వంగాల్సి వచ్చింది, మీకు వినిపించిన తేడా అదే.

ఇక వాద్యాల సంగతి. టెర్రీ బ్రిటన్ గిటార్, అలన్ టార్నీ బేస్. ఇద్దరూ ఇంగ్లండ్‌లో పుట్టి ఆస్ట్రేలియా అడిలైడ్‌లో బ్యాండ్లలో వాయించి తిరిగి వచ్చినవాళ్లు. వీళ్లేమీ 1976లో కొత్తగా దొరికినవాళ్లు కాదు, అంతకుముందు నుంచే క్లిఫ్ వెనక వాయిస్తున్నారు. అప్పుడు వాళ్లు వెనక ఉండేవాళ్లు, ఇప్పుడు పాట వాళ్ల మీద నడుస్తోంది, అంతే. 'డెవిల్ ఉమన్' హెడ్‌ఫోన్స్‌లో వినండి, గొంతు ఒక్క క్షణం మర్చిపోయి బేస్ వెంట వెళ్లండి. టార్నీ ఎక్కడా ఎక్కువ స్వరాలు వాయించడు, కానీ ఆ పాటకి ఆ అపాయం వాసన వచ్చిందే అక్కడి నుంచి.


రాగమాలిక:

బేస్‌లైన్ గారు పాటల ఎంపిక గురించి చెప్పింది నిజమే, నేను గొంతు గురించి చెప్తాను, ఎందుకంటే ఈ ఆల్బమ్ మీద నాకున్న ప్రేమంతా అక్కడే ఉంది.

మొదటి ట్రాక్ తీసుకోండి, 'ఐ కాంట్ ఆస్క్ ఫర్ ఎనీ మోర్ దాన్ యూ'. పద్దెనిమిదేళ్లుగా పాడుతున్న గాయకుడు, అందరికీ కంఠతా వచ్చిన గొంతు, ఆల్బమ్ తెరవగానే ఆ గొంతుతో కాకుండా ఫాల్సెటోలో, అంటే మామూలు స్థాయి దాటి పైకి వెళ్లే సన్నని గొంతుతో పాడతాడు. పేరు చూడకుండా వింటే ఇది క్లిఫ్ అని సగం మంది చెప్పలేరు. అది మొదటి ట్రాక్‌గా పెట్టడం చాలా ధైర్యమైన పని. 'నేను మీకు తెలుసు అనుకుంటున్నారు కదా, ఇప్పుడు వినండి' అన్నట్టు ఉంటుంది.

ఆ తర్వాత 'డెవిల్ ఉమన్'. చరణాలు దాదాపు ఊపిరితో పాడతాడు, మైకు చాలా దగ్గర పెట్టుకుని, రహస్యం చెప్తున్నట్టు. గడప దగ్గర పిల్లి కనపడింది, అదృష్టం ఎదురు తిరిగింది, జోస్యం చెప్పే ఆవిడ దగ్గరికి వెళ్లాడు, తీరా చూస్తే ఆవిడే ఆ మాయలాడి. ఇది భయపడ్డ మనిషి చెప్పే కథ. క్లిఫ్ పాటల్లో అంతకుముందు ఇలా భయపడ్డ మనిషి చాలా అరుదు. కోరస్‌లో పక్క గొంతులు చేరి హెచ్చరికలా మారిపోతాయి, ఆయన గొంతు మళ్లీ చరణంలో తగ్గిపోతుంది. ఆ ఎక్కడం దిగడం మీదే పాటంతా నిలబడింది.

'మిస్ యూ నైట్స్' గురించి ఎంత చెప్పినా తక్కువే. నా దృష్టిలో ఆయన జీవితం మొత్తంలో పాడిన మంచి పాటల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది. విరహ గీతం అనగానే గాయకులు ఎక్కడో ఒకచోట గొంతు పెంచి ఏడిపించాలని చూస్తారు. ఇక్కడ క్లిఫ్ ఆ పని చెయ్యడు. తీగ వాద్యాలు, కోరస్ గొంతులు పైకి లేస్తుంటే ఆయన మాత్రం అదే నిలకడతో మాట మాటకీ మధ్య ఖాళీ వదులుతూ పోతాడు. పదాల్లో ఉన్న బాధని తను మళ్లీ వివరించక్కర్లేదని నమ్మాడు. ఆ తర్వాత ఆర్ట్ గార్‌ఫంకెల్ పాడాడు, 2003లో వెస్ట్‌లైఫ్ పాడింది, రెండూ విన్నాను, బాగానే ఉంటాయి. కానీ ఆ నిగ్రహం మాత్రం క్లిఫ్ దగ్గరే ఉంది. బ్రిటన్‌లో ఈ పాట 15వ స్థానంలోనే ఆగిపోయిందంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.


ఎడమస్పీకర్:

నేను కొంచెం ఎదురు మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

మీరందరూ చెప్పేది మూడు పాటల గురించి. సింగిల్స్‌గా వచ్చిన ఆ మూడూ అద్భుతం, ఒప్పుకుంటాను. ఆల్బమ్‌లో పాటలు పన్నెండు. 'జూనియర్ కౌబాయ్' ఎవరైనా మళ్లీ మళ్లీ పెట్టుకుని వింటారా? 'ఆల్‌రైట్, ఇట్స్ ఆల్‌రైట్' ఆల్బమ్ ముగించడానికి సరిపోయే పాటేనా? పాతరికార్డు గారు గడప దగ్గర నిలబడిన పాటలు అన్నారు చూడండి, అవి ఇవే. 'లవర్స్' కూడా 1972లో వచ్చి ఉంటే ఎవరికీ తేడా తెలిసేది కాదు.

అందుకే ఇది పూర్తయిన మార్పు కాదు, మొదలైన మార్పు. దీని తర్వాత వచ్చినవి చూడండి. 1977లో 'ఎవ్రీ ఫేస్ టెల్స్ ఎ స్టోరీ', ఆల్బమ్ 8వ స్థానం దాకా వెళ్లింది కానీ 'డెవిల్ ఉమన్' స్థాయి సింగిల్ అందులో లేదు. 'హే మిస్టర్ డ్రీమ్ మేకర్' 31 దగ్గరా, 'మై కైండా లైఫ్' 15 దగ్గరా ఆగిపోయాయి. 1978లో 'గ్రీన్ లైట్' వస్తే దాన్ని పట్టించుకున్నవాళ్లే తక్కువ. నిజంగా 1976లోనే దారి దొరికిపోయి ఉంటే మధ్యలో ఈ మూడేళ్లు ఎందుకు తడబడతాడు? అసలు తీరం చేరింది 1979లో, 'వీ డోంట్ టాక్ ఎనీమోర్'తో. అది బ్రిటన్‌లో నాలుగు వారాలు నంబర్ వన్, అమెరికాలో 7వ స్థానం. ఎనభైల క్లిఫ్ అంటే మనకి గుర్తొచ్చే ఆ శబ్దం, ఆ సింథసైజర్ మెరుపు, అన్నీ అక్కడి నుంచే.

ఇంకోటి, అమెరికాలో 'డెవిల్ ఉమన్' ఆడిందంటే దాంట్లో ఎల్టన్ జాన్ వాటా చిన్నది కాదు. అక్కడ దాన్ని విడుదల చేసింది ఆయన రికార్డు కంపెనీ రాకెట్ రికార్డ్స్. అదే వేసవిలో అదే లేబుల్ మీద ఎల్టన్, కికీ డీ పాడిన యుగళగీతం అట్లాంటిక్‌కి రెండు వైపులా నంబర్ వన్‌లో ఉంది. అంటే ఆ లేబుల్ పేరు చెప్తే రేడియో వాళ్లు ఫోన్ ఎత్తే కాలం అది. అంతకుముందు పద్దెనిమిదేళ్లలో అమెరికాలో క్లిఫ్‌కి ఒక్క టాప్ టెన్ కూడా లేదు. పాట మంచిదే, కానీ వెనక తలుపు తీసినవాళ్లు కూడా ఉండాలి కదా.


పాతరికార్డు:

చాలా థ్యాంక్స్ అందరికీ, ఇంత వివరంగా వస్తాయనుకోలేదు. రాగమాలిక గారు 'మిస్ యూ నైట్స్'లో నిగ్రహం గురించి చెప్పాక మళ్లీ విన్నాను, ఆ ఖాళీలు ఇప్పుడు ఇంకా బాగా వినిపిస్తున్నాయి.

ఇంకో సందేహం. క్లిఫ్ 1966లో అమెరికన్ క్రైస్తవ బోధకుడు బిల్లీ గ్రాహం సభలో తన క్రైస్తవ విశ్వాసాన్ని బహిరంగంగా ప్రకటించాడు, ఆ తర్వాత భక్తి ఆల్బమ్స్ కూడా చేశాడు. అలాంటి మనిషికి 'డెవిల్ ఉమన్' అనే పేరున్న పాట పాడటానికి ఇబ్బంది అనిపించలేదా? ఆ రోజుల్లో ఇది ఆయనకి టెన్షన్ పెట్టే విషయమే అయ్యుంటుంది.


సంధ్యావేళ:

దీనికి జవాబు కావాలంటే దానికి కొద్ది నెలల ముందు జరిగిన సంగతి చూడాలి. 1975లో క్లిఫ్ 'హాంకీ టాంక్ ఏంజెల్' అని ఒక కంట్రీ పాట సింగిల్‌గా విడుదల చేశాడు. అది ఒళ్లమ్ముకునే అమ్మాయి గురించిన పాట అని విడుదలయ్యాకే ఆయనకి తెలిసింది. తెలిసిన వెంటనే ప్రచారం చెయ్యనన్నాడు, రికార్డు వెనక్కి తీసుకోమని కంపెనీని అడిగాడు. ఆడే అవకాశం ఉన్న పాట, పైగా అప్పుడు ఆయనకి హిట్ చాలా అవసరం. అయినా వదులుకున్నాడు.

అదే మనిషి పాడిన 'డెవిల్ ఉమన్' ఆ తర్వాతి వసంతంలో విడుదలైంది. చాలామంది దీన్ని విడ్డూరంగా చూస్తారు. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. ఆ పాట మంత్రాలనీ జోస్యాలనీ గొప్పగా చూపించదు, వాటి జోలికి వెళ్లినవాడు ఎలా చిక్కుకున్నాడో చెప్తుంది, వినేవాళ్లని జాగ్రత్త అంటుంది. ఆయన విశ్వాసానికి అది అడ్డం రాదు, ఇంకా చెప్పాలంటే దానికి దగ్గరగానే ఉంటుంది. అంటే పాట పేరు చూసి కాదు, పాట ఏం చెప్తోందో చూసి తేల్చుకున్నాడు.

ఈ ఆల్బమ్‌లో ఆయన్ని నేను గౌరవించేది ఇందుకే. మారాలి అన్నప్పుడు ఎందరో గాయకులు నిన్నటి మనిషిని పూర్తిగా కాదనేస్తారు, వేషం మారుస్తారు, మాట మారుస్తారు. క్లిఫ్ తను నమ్మినదాన్ని ఒక్క అంగుళం కూడా వదల్లేదు, కానీ ఆ నమ్మకం లోపలే భయం, ఒంటరితనం, కోరిక ఉన్న మనిషిని పాడొచ్చు అని కనుక్కున్నాడు. అంతకుముందు ఆ తలుపు తనే మూసుకుని ఉన్నాడు. 'సచ్ ఈజ్ ద మిస్టరీ' కూడా వినండి, దాని గురించి ఎవరూ మాట్లాడరు, 'డెవిల్ ఉమన్' తర్వాత వెంటనే వస్తుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టడం ఊరికే జరిగింది కాదని నా నమ్మకం.


బేస్‌లైన్:

సంధ్యావేళ గారూ, చాలా బాగా చెప్పారు. ఎడమస్పీకర్ అన్నా, నీ మాటకి జవాబు ఇవ్వకుండా పోలేను.

1979లో తీరం చేరాడన్నావు, సరే. ఆ పడవ ఎవరిది? 'వీ డోంట్ టాక్ ఎనీమోర్' రాసింది అలన్ టార్నీ, అంటే 1976 ఆల్బమ్‌లో బేస్ వాయించినాయన. ప్రొడ్యూస్ చేసింది మళ్లీ బ్రూస్ వెల్చే. ఆ పాట ఉన్న 'రాక్ అండ్ రోల్ జువెనైల్' ఆల్బమ్‌కి క్లిఫ్‌తో కలిసి ప్రొడ్యూసర్‌గా ఉన్నది టెర్రీ బ్రిటన్, 1976లో గిటార్ వాయించి 'డెవిల్ ఉమన్' రాసినాయన. 1980లో హిట్ అయిన 'క్యారీ'లో కూడా బ్రిటన్ చెయ్యి ఉంది. 1981లో 'వైర్డ్ ఫర్ సౌండ్' ప్రొడ్యూసర్ టార్నీ. ఆ తర్వాత బ్రిటన్ 1984లో టీనా టర్నర్‌కి 'వాట్స్ లవ్ గాట్ టు డూ విత్ ఇట్' గ్రాహం లైల్‌తో కలిసి రాసి ప్రొడ్యూస్ చేశాడు, ఇంకో పెద్ద గాయని దారి మళ్లిన ఘట్టం అది. టార్నీ 'ఆహా' బ్యాండ్ 'టేక్ ఆన్ మీ' హిట్ అయిన రూపాన్ని ప్రొడ్యూస్ చేశాడు. ఎనభైల పాప్ శబ్దంలో పెద్ద ముక్క ఒకటి ఈ 1976 ఆల్బమ్‌లో పక్కవాద్యగాళ్లుగా కూర్చున్నవాళ్లదే. అందుకే దీన్ని కేవలం మొదలు అని తీసిపారేయడం నాకు నచ్చదు, మనుషులందరూ ఒక గదిలో కలిసింది ఇక్కడ.

మధ్యలో మూడేళ్లు తడబడ్డాడన్నావు. 1976 చివర్లో బ్రిటన్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకో. నవంబర్‌లో పంక్ రాక్ కుర్రాళ్ల బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ మొదటి సింగిల్ వచ్చింది, అది కూడా క్లిఫ్ కంపెనీ ఈఎంఐ నుంచే. ఒక్కసారిగా ముప్ఫై దాటిన గాయకులందరూ పాతబడిపోయారు. ఆ గాలిలో కూడా నిలబడి, 1976లో లెనిన్‌గ్రాడ్, మాస్కో వెళ్లి పాడి, ఆల్బమ్ తర్వాత ఆల్బమ్ చేస్తూ పోయాడంటే, దాన్ని నేను తడబాటు అనను. అయినా 'జూనియర్ కౌబాయ్' విషయంలో మాత్రం నిన్ను ఎదిరించే ఓపిక నాకు లేదు.


రాగమాలిక:

ఒక చిన్న సంగతి. ఈ ఆల్బమ్ పేరుతో అప్పట్లో బ్యాడ్జీలు చేయించారు, ఎరిక్ క్లాప్టన్, జిమ్మీ పేజ్, ఎల్టన్ జాన్ లాంటివాళ్లు అవి పెట్టుకుని కనిపించారు. అంటే టీవీ గాయకుడు అని పక్కన పెట్టిన రాక్ లోకమే మళ్లీ చూపు తిప్పింది. పేరు కూడా ఎంత చక్కగా కుదిరిందో చూడండి, పద్దెనిమిదేళ్లు దేశం మొత్తానికి తెలిసిన మనిషి 'నాకు దాదాపు పేరొచ్చింది' అంటున్నాడు.


ఎడమస్పీకర్:

బేస్‌లైన్, ఆ మనుషుల గొలుసు నువ్వు చెప్పినట్టే ఉంది, ఆ మాట కాదనను. కానీ మనుషులు ఒక గదిలో ఉండటం వేరు, వాళ్లలో ఒకరికి మొత్తం ఆల్బమ్ అప్పగించడం వేరు. 1976లో పగ్గాలు వెల్చ్ చేతిలో ఉన్నాయి, ఆయన రుచి చాలా మంచిదే, అయితే అది పాటా పాటా ఏరుకునే రుచి. అందుకే పన్నెండు పాటలు పన్నెండు చోట్ల నుంచి వచ్చినట్టు వినిపిస్తాయి. టార్నీ చేతికి వచ్చాక ఆల్బమ్ మొత్తానికి ఒకే శబ్దం వచ్చింది. నాకు రెండోది ఎక్కువ ఇష్టం, నీకు మొదటిది, అంతే తేడా.


పాతరికార్డు:

మీ ఇద్దరి వాదన చదువుతుంటే నా ప్రశ్నకి జవాబు దొరికినట్టే ఉంది. పాటలు ఏరింది వెల్చ్, ఆడించింది ఆ బ్యాండ్, కానీ ఫాల్సెటోతో ఆల్బమ్ తెరవడానికీ, 'డెవిల్ ఉమన్'కీ సరే అనాల్సింది క్లిఫ్ ఒక్కడే, ఆ సరే అనడమే నాకు అన్నిటికంటే పెద్ద మార్పుగా కనిపిస్తోంది. ఇక్కడి నుంచి 1979 దాకా వెళ్లాలంటే 1977, 1978 ఆల్బమ్స్ పూర్తిగా వినాలా, లేక నేరుగా 'రాక్ అండ్ రోల్ జువెనైల్'కి వెళ్లిపోవచ్చా?


ఎడమస్పీకర్:

వరసగానే వినండి, మీ పద్ధతి అదే కదా. 'ఎవ్రీ ఫేస్'లో 'వెన్ టూ వరల్డ్స్ డ్రిఫ్ట్ అపార్ట్' వదలొద్దు, అది 'మిస్ యూ నైట్స్'కి చెల్లెలు లాంటి పాట. 'గ్రీన్ లైట్' నుంచి టైటిల్ పాటా, 'ప్లీజ్ రిమెంబర్ మీ' తప్పకుండా వినండి, అప్పట్లో ఆడలేదు కానీ రెండూ మంచి పాటలు. 1978లో వచ్చిన 'స్మాల్ కార్నర్స్' భక్తి ఆల్బమ్, సంధ్యావేళ గారు చెప్పిన కోణంలో ఆసక్తి ఉంటే అది కూడా మధ్యలో పెట్టుకోండి. ఆ తర్వాత 1979 ఆల్బమ్ పెట్టి, విన్నాక ఇక్కడికి వచ్చి బేస్‌లైన్ వైపో నా వైపో చెప్పండి.